జీడి, మగ్గు, గోనెపట్టా

అక్షూ, చిన్నా,

నిన్న ఫోన్లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడేసరికి నాకు సగమే అర్థమైంది. అర్థమైనంతవరకు సంగతి ఇదీ: ఆదివారం మీ కుక్క జీడిని స్నానానికని బాత్రూంలోకి తీసుకెళ్లి తలుపేశారు. చిన్నా గట్టిగా పట్టుకున్నాడు, అక్షు హ్యాండ్ షవర్ తిప్పింది. అది గిజగిజ కొట్టుకుని, చిన్నా చెయ్యి గీరి, ఒంటిమీద నురగతోనే పారిపోయి మంచం కింద దూరింది. మర్నాటినుంచీ బాత్రూం ఉన్న వైపే రావడం లేదు. "అది ఒట్టి మొండిది తాతయ్యా" అంది అక్షు. మొండితనం కాదమ్మా, భయం. రెండూ పైకి ఒకలాగే కనిపిస్తాయి.

ముందు చిన్నా చెయ్యి సంగతి. గోరైనా పన్నైనా, చర్మం గీరుకుంటే పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టరుకి చూపించాలి. జీడికి టీకాలు వేయించాం కదా అని ఊరుకోకూడదు. ఈ నాలుగు ముక్కలూ మీ అమ్మకి ఇప్పుడే చదివి వినిపించండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

నాకు పదేళ్లప్పుడు మా ఇంటి ముందే పంటకాలువ ఉండేది. నల్లోడని మాకో కుక్క. బడికి వెళ్తుంటే కాలువ మీద తాటిదుంగ దాటి అవతలి గట్టుదాకా నాతో వచ్చేవాడు. ఒకరోజు రేవులో ఎవరో "కుక్కకి ఈత పుట్టుకతో వస్తుందిరా, తోసి చూడు" అన్నారు. తోసేశాను. ఈదుకుంటూ గట్టెక్కాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మర్నాడు నల్లోడు తాటిదుంగ దగ్గర ఆగిపోయాడు. నేను అవతలి గట్టునుంచి పిలుస్తుంటే తోక కాళ్ల మధ్య పెట్టుకుని కుయ్ కుయ్ మంటూ నిలబడ్డాడు. తర్వాత ఎన్నేళ్లున్నా మళ్లీ ఆ దుంగ ఎక్కలేదు. పెరట్లో నేను చెంబు తీస్తే చాలు, లేచి వెళ్లిపోయేవాడు. ఈత వచ్చినంత మాత్రాన నీళ్లంటే భయం లేనట్టు కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. అసలు అన్ని కుక్కలూ ఈదలేవు కూడా. పగ్, బుల్‌డాగ్ లాంటి పొట్టి ముక్కు కుక్కలు నీళ్లలో తేలడానికే అవస్థ పడతాయి.

మీరొక పని చెయ్యండి. బాత్రూంలో మోకాళ్లమీద వంగి జీడి ఎత్తునుంచి చూడండి. బకెట్ మీకంటే పొడుగ్గా కనబడుతుంది. కింద టైల్స్ తడిగా ఉంటాయి. దాని గోళ్లకి పట్టు దొరకదు, నాలుగు కాళ్లూ నాలుగు వైపులకి జారతాయి. చిన్న కుక్కల్లో చాలావాటికి నీళ్లతోపాటు ఈ జారుడూ పెద్ద భయమే. పైగా ఆ షవర్ చప్పుడు! మన చెవికి ఎక్కువలో ఎక్కువ 20,000 హెర్ట్జ్ (చప్పుడు ఎంత కీచుగా ఉందో చెప్పే కొలత) దాకా వినిపిస్తుంది, కుక్కకి సుమారు 45,000 దాకా. మనకి 'స్స్' మన్నది దానికి ఇంకెలా వినిపిస్తుందో! వీటన్నిటికీ తోడు తలుపు వేసి ఉంది, పారిపోవడానికి దారి లేదు.

నాకూ స్నానమంటే ఇలాగే ఉండేది, నవ్వకండి. ఆదివారం వచ్చిందంటే మా నాయనమ్మ ఒళ్లంతా నూనె పట్టించి, కుంకుడుకాయ రసంతో తలంటేది. రసం కళ్లలో పడితే మంట, లేవబోతే వీపుమీద ఒక్కటి. నోట్లో ఉప్పురాయి వేసుకుంటే మంట తగ్గుతుందనేది కానీ, తగ్గినట్టు నాకెప్పుడూ అనిపించలేదు. ఎప్పుడో తలంటు ముందు చేతిలో బెల్లం ముక్క పెట్టడం మొదలెట్టింది. ఏమైందో తెలుసా? అప్పటినుంచి బెల్లం ముక్క కనబడితే చాలు, నేను గాదె వెనక దాక్కునేవాణ్ని.

ఇది నవ్వుకోవడానికే చెప్పలేదు. మొన్న మీరు చేసిందీ అదే. చికెన్ ముక్క చూపించి జీడిని బాత్రూందాకా తీసుకెళ్లారు, ఆ తర్వాత నీళ్లు పోశారు. ఇంకో రెండుసార్లు అలా చేస్తే అది చికెన్‌ని కూడా అనుమానిస్తుంది. వరస తిరగెయ్యాలి. ముందు నీటి చప్పుడు వినబడాలి, ఆ వెంటనే ముక్క రావాలి. చప్పుడు ఆగితే ముక్కలూ ఆగాలి. అప్పుడు దాని బుర్రలో 'ఆ చప్పుడొస్తే చికెన్ వస్తుంది' అని ముడి పడుతుంది.

ఈ కిటుకు కొత్తదేం కాదు. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ పీటర్ అనే చిన్న పిల్లాడి గురించి రాశారు. వాడికి కుందేలంటే హడల్. వాడు ఇష్టమైనవి తింటుండగా పంజరంలో ఉన్న కుందేలుని దూరంగా పెట్టేవారు, వాడి తిండి ఆగనంత దూరంలో. రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెం దగ్గరికి జరిపారు. చివరికి కుందేలు తన వేళ్లు కొరుకుతున్నా వాడు ఊరుకున్నాడు. ఇందులో ముఖ్యమైన మాట 'తిండి ఆగనంత దూరం'. జీడి ముక్క తినడం మానేసిందంటే మీరు తొందరపడ్డట్టే, ఒక మెట్టు కిందకి దిగండి. తినడం మానకముందే అది ఇంకా చాలా చెప్తుంది. నిద్ర రాకుండానే ఆవలిస్తుంది, ఊరికే మూతి నాకుతుంది, మొహం పక్కకి తిప్పి కళ్ల తెల్లగుడ్డు కనబడేలా చూస్తుంది. గుర్రుమంటే తిట్టకండి. అది 'చాలు' అని మర్యాదగా చెప్పడం. ఆ మర్యాద తిట్టి మాన్పిస్తే ఇకమీదట చెప్పకుండానే కరుస్తుంది.

కాబట్టి ఈ వారం స్నానం లేదు. అసలు దానిమీద నీళ్లే పొయ్యొద్దు. జీడి అన్నం గిన్నె బాత్రూం గుమ్మం బయట పెట్టండి, రోజుకో జానెడు లోపలికి జరపండి. తలుపు బార్లా తీసి ఉంచాలి. అది వెళ్లిపోతానంటే వెళ్లనివ్వాలి, ఈ ఒక్క విషయంలో మటుకు నా మాట తప్పకండి. లోపల గోనెపట్టా పరచండి. అది గోనెమీద హాయిగా కూర్చున్నాక, ఖాళీ మగ్గు చేత్తో పట్టుకుని ఒక ముక్క, మగ్గు దాని వీపుకి తగిలించి ఇంకో ముక్క. ఆ తర్వాత ఒకరు కుళాయి సన్నగా తిప్పాలి, దారంలా, కింద గుడ్డ వేస్తే చప్పుడు కూడా ఉండదు. ఇంకొకరు జీడి తిండి ఆగనంత దూరంలోనే దానికి ముక్కలు వెయ్యాలి. రెండు మూడు నిమిషాలు చాలు. ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన చికెన్, శనగగింజంత ముక్కలు. ఉల్లిపాయ, ఎండుద్రాక్ష, చాక్లెట్ కుక్కలకి విషం, ఒక్కటి కూడా వద్దు.

తడిగుడ్డతో పాదాలు తుడవనిచ్చిన రోజున సగం పని అయినట్టే. అక్కడికి వారం పట్టొచ్చు, నెలైనా పట్టొచ్చు. పుట్టిన మూడో వారంనుంచి సుమారు పద్నాలుగో వారందాకా కుక్కపిల్లలు కొత్తవాటికి తేలిగ్గా అలవాటు పడతాయి. జీడి మీ ఇంటికొచ్చేసరికే ఐదో నెల, అందుకని దానికి కాస్త ఎక్కువ టైం ఇవ్వండి. ఈలోగా మురికైతే పొడిగుడ్డతో తుడిచి దువ్వితే చాలు. చెవులు గోక్కుంటున్నా, ముట్టుకుంటే ఉలిక్కిపడుతున్నా మాత్రం ముందు పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. నొప్పి ఉన్నచోట నీళ్లు పోస్తే ఎవరైనా అరుస్తారు.

అసలు స్నానం రోజున నీళ్లు మీ మోచేతికి గోరువెచ్చగా తగలాలి, మీ నాన్న పోసుకునే పొగలు కక్కే నీళ్లు కాదు. షవర్ వద్దు, మగ్గుతోనే. పాదాలు, తర్వాత వీపు. తలమీద పొయ్యకండి, మొహం తడిగుడ్డతో తుడవండి, చెవుల్లోకి చుక్క కూడా పోకూడదు. మీ షాంపూ దాని చర్మానికి పడదు, మన చర్మం కాస్త ఆమ్లంగా ఉంటుంది, కుక్కది అంత ఉండదు. కుక్కల షాంపూయే తెప్పించండి, జిడ్డు మిగలకుండా కడగండి. హెయిర్ డ్రయ్యర్ జోలికి పోవద్దు, అదో కొత్త భయం. తువ్వాలుతో అద్దాక అది ఒళ్లు విదిలించి ఇల్లంతా గిర్రున పరిగెత్తుతుంది. సోఫా మీద ముందే పాత దుప్పటి కప్పి ఉంచమని అమ్మకి చెప్పండి.

శనివారం బస్సుకి మీ మామయ్య వస్తున్నాడు. వాడితో గోనెపట్టా పంపిస్తున్నాను. అమ్మమ్మ ఉతికి ఎండబెట్టింది, అయినా ఇంకా వడ్ల వాసన వస్తోంది, జీడికి నచ్చుతుందనుకుంటా. అదే సంచిలో సున్నుండల డబ్బా ఉంది. అవి మీకు, దానికి పెట్టకండి. స్నానం అయ్యాక కాదు, జీడి తనంతట తాను గోనెమీద రెండు కాళ్లు పెట్టిన రోజునే నాకు ఫోన్ చెయ్యండి.

మీ
తాతయ్య