కార్డు కత్తిరించేస్తే బాకీ పోదు: కుర్రకారు అపోహలు, అసలు సంగతులు

తిరుపతిలో యూనివర్సిటీకి దగ్గర్లో ఉన్న ఒక బ్యాంకు బ్రాంచిలో పని చేస్తాను. మా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది విద్యార్థులే, మిగతావాళ్లలో చాలామంది శ్రీసిటీలోనో కరకంబాడి రోడ్డులోనో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు. వీళ్లతో వచ్చిన చిక్కేంటంటే క్రెడిట్ కార్డు విషయంలో భయపడాల్సిన చోట ధీమాగా ఉంటారు, భయం అక్కర్లేని చోట వణికిపోతారు.

అపోహ: మినిమమ్ కడితే చాలు, వడ్డీ పడదు

ఇదే అన్నిటికన్నా పెద్దది, అందుకే ముందు చెబుతున్నా. మొన్న పుత్తూరు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. అద్దం పగిలిన ఫోన్‌లో బిల్లు తెరిచి నా ముందు పెట్టి, "సార్, పోయిన నెల వెయ్యి కట్టినా కదా, బాకీ తగ్గకుండా పెరిగిందేంది?" అన్నాడు. విత్‌డ్రాయల్ స్లిప్పు వెనక్కి తిప్పి లెక్క రాసి చూపించా.

జూన్ 5న 20,000 పెట్టి ఫోన్ కొన్నాడు. 20న బిల్లు వచ్చింది, కట్టాల్సిన గడువు జులై 10. బిల్లులో రెండు అంకెలుంటాయి, మొత్తం 20,000, మినిమమ్ అంటే కనీసం కట్టాల్సింది 1,000 (చాలా కార్డుల్లో ఇది ఇంచుమించు 5 శాతం). మనవాడు గడువు రోజునే ఆ వెయ్యి కట్టేసి హాయిగా నిద్రపోయాడు. కానీ బిల్లు మొత్తం కట్టలేదంటే వడ్డీ లేని గడువు అనేదే రద్దు, వడ్డీ జులై 10 నుంచి కాదు, ఫోన్ కొన్న జూన్ 5 నుంచే పడుతుంది. నెలకు మూడున్నర శాతం, అంటే ఏడాదికి 42. ఆ 20,000 మీద 35 రోజులకు 805, మిగిలిన 19,000 మీద జులై 20 దాకా పది రోజులకు 219, ఈ రెండిటి మీద 18 శాతం జీఎస్టీ 184. కొత్త బిల్లు 20,208. బ్యాంకును బట్టి లెక్క కొంచెం అటూఇటూ అవుతుంది, దారి మాత్రం ఇదే. రెండో నెల మినిమమ్ కూడా వెయ్యితో ఆగదు, పడిన వడ్డీ, పన్ను అందులో కలిసి రెండు వేలు దాటుతుంది.

వాడు స్లిప్పు వంక కాసేపు చూసి, "మరి ఆదివారం బిర్యానీ కూడా దీంతోనే తిన్నాం సార్" అన్నాడు. దాని మీదా వడ్డీనే నాయనా, పాత బాకీ నడుస్తున్నంత కాలం కొత్తగా గీకినదానికి కూడా గీకిన రోజు నుంచే మీటరు తిరుగుతుంది. మినిమమ్ కడితే లేటు ఫీజు తప్పుతుంది, రికార్డులో ఎగవేతదారు అని పడదు, అంతవరకే.

అపోహ: ప్రతి కొనుగోలుకూ యాభై రోజులు వడ్డీ ఉండదు

కొన్న తేదీని బట్టి ఉంటుంది. బిల్లు పడిన మర్నాడు కొంటే యాభై రోజుల దాకా దొరుకుతుంది, బిల్లుకు ముందురోజు కొంటే ఇరవై రోజులే. ఇక ఏటీఎంలో క్రెడిట్ కార్డు పెట్టి నగదు తీస్తే ఒక్క రోజు కూడా మాఫీ లేదు. తీసిన క్షణం నుంచి వడ్డీ, పైన ఫీజు. బస్టాండు దగ్గర అర్జెంటుగా రెండు వేలు కావాలంటే ఫ్రెండ్‌ని అడగండి, సిగ్గేం లేదు.

అపోహ: కొండ మీద క్యూలో ఎవరో కార్డు మిషన్ జేబుకు ఆనిస్తే డబ్బంతా పోతుంది

ఈ భయం ఎక్కడ పుట్టిందో గానీ వారానికి ఒకరైనా అడుగుతారు. ట్యాప్ చేస్తే పిన్ లేకుండా పోయేది ఒకసారికి 5,000 వరకే, అది కూడా కార్డు మిషన్‌కి కొద్ది సెంటీమీటర్ల దూరంలోకి వస్తేనే. పైగా ప్రతి మిషన్ వెనకా ఎవరిదో ఒక బ్యాంకు ఖాతా ఉంటుంది, దొంగ తన చిరునామా రాసిచ్చినట్టే. అయినా నమ్మకం లేకపోతే యాప్‌లో ట్యాప్ సౌకర్యం ఆపేసుకోవచ్చు. 2020 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ఏంటంటే కొత్త కార్డు మన దేశంలోని ఏటీఎంలు, దుకాణాల్లోని మిషన్లలో మాత్రమే పనిచేసేలా రావాలి, ఆన్‌లైన్, విదేశీ, ట్యాప్ వాడకాలు మనం ఆన్ చేసుకుంటేనే. విదేశీ వాడకాన్ని మాత్రం పనిలేకపోతే ఆన్ చేయకండి, అక్కడి సైట్లు చాలావరకు ఓటీపీ అడగకుండానే డబ్బు లాగుతాయి.

"పోయిన డబ్బు ఎట్లా రాదు, కంప్లైంట్ ఎందుకు" అనేది దీనికి చెల్లెలు. మీ నిర్లక్ష్యం లేకుండా బయటివాళ్లు కాజేస్తే, బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చిన మూడు పనిదినాల్లోపు చెబితే నష్టం మీది కాదు, 2017లోనే రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఓటీపీ మీరే చెప్పి ఉంటే మాత్రం బ్యాంకుకు తెలియజేసేదాకా పోయిన డబ్బు నష్టం మీదే. అందుకే ముందు కార్డు బ్లాక్ చేయండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఏడుపు తర్వాత.

అపోహ: క్రెడిట్ స్కోరు చూసుకుంటే తగ్గిపోతుంది

తగ్గదు. మీ స్కోరు (అప్పులు ఎంత సరిగా కడుతున్నారో చెప్పే అంకె, 300 నుంచి 900 మధ్య ఉంటుంది) మీరు ఎన్నిసార్లు చూసుకున్నా ఏమీ కాదు. ఒకే వారంలో నాలుగు బ్యాంకుల్లో కార్డుకు అప్లై చేస్తే అప్పుడు దెబ్బ.

అపోహ: ఫ్రెండ్ కోసం గీకితే బాకీ ఫ్రెండ్‌దే

"మచ్చా, నీ కార్డు మీద డిస్కౌంట్ ఉంది, ఫోన్ తీసివ్వు, నెలనెలా ఇచ్చేస్తా." మూడో నెల మచ్చా ఫోన్ ఎత్తడు. బిల్లు మీద మీ పేరు, స్కోరు మీది.

అపోహ: కార్డు కత్తిరించేస్తే ఖాతా క్లోజ్ అయినట్టే

ఇది నిజంగా జరిగింది. చంద్రగిరి అమ్మాయి ఒకతి రెండు ముక్కలు చేసిన కార్డును కవర్లో పెట్టుకుని మా బ్రాంచికి వచ్చింది. కార్డు మాది కూడా కాదు, వేరే బ్యాంకుది. వాడకపోయినా వార్షిక ఫీజు పడింది, కట్టలేదని లేటు ఫీజు, వాటి మీద జీఎస్టీ. ముక్కలు చేస్తే పోయేది ప్లాస్టిక్కే తల్లీ, ఖాతా అక్కడే ఉంటుంది అని చెప్పి, ముందు బాకీ కట్టించి, ఆ బ్యాంకుకు క్లోజ్ చేయమని మెయిల్ రాయించా. బాకీ లేకపోతే అడిగిన ఏడు పనిదినాల్లో మూసేయాలి, ఆలస్యం చేస్తే మూసేదాకా రోజుకు 500 చొప్పున బ్యాంకే కస్టమర్‌కి కట్టాలి, ఈ నిబంధన 2022 నుంచి ఉంది. ఆ మాట కూడా మెయిల్లో ఒక లైను రాయమన్నా. ఐదో రోజే క్లోజ్ అయినట్టు మెసేజ్ వచ్చిందట, స్క్రీన్‌షాట్ పంపింది. దాన్ని డిలీట్ చేయొద్దమ్మా అని తిరిగి మెసేజ్ పెట్టా.