తర్వాతి రేవు వరకూ చదవండి చాలు

పిల్లలూ,

మొన్న రాత్రి మీ మెసేజ్ చూశాను. సెలవుల్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్, అదే పాచికలు వేస్తూ అందరూ కలిసి కథ నడుపుకునే ఆట, మొదలుపెట్టారనీ, నలుగురూ క్యారెక్టర్లు తయారుచేసుకున్నారనీ, ఆట నడిపే బాధ్యత పెద్దదాని మీద పడిందనీ, అదేమో ఆ ఆటలో వాడే ఫర్గాటెన్ రెల్మ్స్ అనే కల్పిత లోకం పుస్తకం ముందేసుకుని దేవుళ్ళ పేర్లన్నీ బట్టీ పడుతూ టెన్షన్ పడుతోందనీ రాశారు. ఫోన్లో చెబుదామనుకున్నాను గానీ ఇది ఫోన్లో తెమిలే మాట కాదు. తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను, మీరూ తీరిగ్గానే చదవండి.

సెట్టింగ్ అంటే ఆట జరిగే లోకం, రూల్సు కాదు, కథా కాదు. పాచిక ఎప్పుడు వెయ్యాలి, దెబ్బ తగిలితే ఎంత పోతుంది అనేది రూల్ బుక్ చెబుతుంది. ఫలానా గుహలో దొంగలున్నారు, వాళ్ళు ఎత్తుకుపోయిన పిల్లను వెనక్కి తీసుకురండి అనేది అడ్వెంచర్. ఆ గుహ ఏ ఊరి పొలిమేరలో ఉంది, ఆ ఊళ్ళో ఎవరి మాట చెల్లుతుంది, ఏ నాణెం చలామణీలో ఉంది, పక్క రాజ్యంతో ఎందుకు పడదు, ఏ గుడికి ఎవరు వెళ్తారు, ఇదంతా సెట్టింగ్. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల ఆట మొదటిసారి అచ్చయినప్పుడు దాంతోపాటు తయారుగా ఉన్న లోకమేమీ రాలేదు, ఎవరి లోకం వాళ్ళే కట్టుకోవాలి. ఆర్నెసన్ బల్ల దగ్గర బ్లాక్‌మూర్ ఉండేది, గైగాక్స్ బల్ల దగ్గర గ్రేహాక్. జనం అడగ్గా అడగ్గా 1980లో గ్రేహాక్ లోకం రంగుల మ్యాపులతో సహా విడిగా వచ్చింది. అంటే వేరే వాళ్ళు ఆడుకున్న లోకం మనం కొనుక్కుంటున్నామన్నమాట. ఈ మాట గుర్తుంటే పుస్తకం చూసి అంత భయం వెయ్యదు.

నేను ఓడ ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక రేవులో ఫర్గాటెన్ రెల్మ్స్ పెట్టె కొన్నాను. 1987లో వచ్చిన బూడిదరంగు పెట్టె, మీరు అటక మీద చూశారు కదా, అదే. అందులో రెండు పుస్తకాలు, పెద్ద పెద్ద మ్యాపులు, వాటితోపాటు ఆరుపలకల గళ్ళు గీసిన ట్రాన్స్‌పరెంట్ షీట్లు. షీటు మ్యాపు మీద పరిస్తే ఏ ఊరు ఏ ఊరికి ఎంత దూరమో గళ్ళు లెక్కపెట్టి చెప్పొచ్చు. డ్యూటీ అయ్యాక కేబిన్‌లో ఆ రెండు పుస్తకాలూ అక్షరం వదలకుండా చదివాను. సెలవు మీద వైజాగ్ వచ్చి నా స్నేహితులను మేడ మీద కూర్చోబెట్టి, ఆట మొదలుపెట్టే ముందు ఆ లోకం చరిత్రంతా చెప్పుకొచ్చాను. గంటకు పైగా చెప్పాను. రాజవంశాలు, యుద్ధాలు, దేవతల తగాదాలు. ఒకడు నిద్రపోయాడు, ఇంకొకడు "ఇంతకీ మేం ఎక్కడున్నాం?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అంత చదివీ, వాళ్ళు నిలబడ్డ వీధిలో ఏముందో మాత్రం నేను అనుకోలేదు. ఆ ఆట రెండోసారి జరగలేదు, ఆ బాధ నాకు చాలా ఏళ్ళు ఉంది.

మళ్ళీ ఓడెక్కాక అర్థమైంది. ఓడ మీద పైలట్ పుస్తకాలని ఉంటాయి, ఆకాశంలో ఎగిరే పైలట్లవి కాదు, రేవులవి. తీరం వెంబడి ప్రతి రేవు ఎలా ఉంటుంది, లోతు ఎంత, లంగరు ఎక్కడ వెయ్యాలి, ఏ గుర్తు చూసి లోపలికి తిరగాలి అని వరసగా రాసి ఉంటుంది. ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా ఏ ఆఫీసరూ చదవడు. ఓడ చేరబోయే రేవు పేజీలు తీసి, అవి మాత్రం కళ్ళు పెట్టి చదువుతాడు. సెట్టింగ్ పుస్తకం కూడా సరిగ్గా ఇంతే. మీ క్యారెక్టర్లు ఈ వారం ఏ ఊళ్ళో దిగుతున్నారో ఆ పేజీలు చదువు తల్లీ, మిగతావి ఎక్కడికీ పోవు.

ఇంకో సంగతి వింటే ఆశ్చర్యపోతారు, ఆ ఫర్గాటెన్ రెల్మ్స్ పుట్టింది కూడా ఇలాగే. దాన్ని కల్పించిన ఎడ్ గ్రీన్‌వుడ్ కెనడా ఆయన, లైబ్రరీలో పనిచేసేవాడు. 1967 ప్రాంతంలో, అంటే ఈ ఆట ఇంకా పుట్టకముందే, ఎనిమిదేళ్ళ పిల్లాడిగా ఉన్నప్పుడే, మిర్ట్ అనే లావుపాటి ముసలి వ్యాపారి కథలు రాయడం మొదలుపెట్టాడు. ఆ మిర్ట్ అప్పులవాళ్ళకు దొరక్కుండా తీరం వెంబడి ఒక రేవు నుంచి ఇంకో రేవుకు పోతుంటాడు. వాడు దిగిన రేవు గురించి గ్రీన్‌వుడ్ రాసేవాడు, అలా రేవు తర్వాత రేవు చేరి అంత లోకమైంది. మీలో చిన్నవాడి వయసు కూడా అంతే కదా.

మీరు ఏ సెట్టింగ్ కొనాలని అడిగారు. డ్రాగన్‌లాన్స్ నాకు ఇష్టమే, 1984లో వచ్చింది, డ్రాగన్ల మీద కూర్చుని చేసే యుద్ధాలు అందులో ఉన్నట్టు ఇంకెక్కడా లేవు. కానీ ఆ లోకంలో జరగాల్సిన పెద్ద కథ నవలల్లో జరిగిపోయింది, హీరోలు ఎవరో అందరికీ తెలుసు, అక్కడికి వెళ్తే పక్కింటి పెళ్ళికి వెళ్ళినట్టే ఉంటుంది. ఎబెరాన్ అలా కాదు. 2002లో కొత్త లోకం కావాలని ఒక పోటీ పెడితే దాదాపు 11,000 ప్రతిపాదనలు వచ్చాయి, అందులో గెలిచిన కీత్ బేకర్ లోకం 2004లో పుస్తకమైంది. మెరుపుతో నడిచే రైళ్ళుంటాయి అందులో. నాకు రైళ్ళకంటే నచ్చింది సైర్ అనే రాజ్యం. ఒక్కరోజులో ఆ రాజ్యమంతా నాశనమైపోయి బూడిదరంగు పొగమంచు కమ్మేసింది. ఎవరు చేశారు, ఎందుకు జరిగింది అనేది పుస్తకంలో లేదు. మర్చిపోయి కాదు, కావాలనే రాయలేదు, ఆట నడిపేవాళ్ళే తేల్చుకోవాలని వదిలేశారు.

నన్నడిగితే మీరు డార్క్ సన్ చూడండి. 1991 నాటిది. ఆ లోకం పేరు అథాస్. మంత్రం వేస్తే ఆ శక్తి చుట్టుపక్కల మొక్కల్లోంచి వస్తుంది, అడ్డూ అదుపూ లేకుండా వేసేవాళ్ళ చుట్టూ మొక్కలు బూడిదైపోతాయి. అలా తరతరాలుగా వేసీ వేసీ లోకమంతా ఎడారి చేసుకున్నారు. ఇనుము దొరకదు, కత్తులు ఎముకతో, రాయితో చేసుకుంటారు, నాణేలు కూడా మట్టివే. ఒకసారి ఓడలో మేం ఆడుతుంటే ఒకడికి ఇసుకలో చిన్న ఇనప చాకు దొరికింది. మామూలు ఆటలో అయితే దాన్ని ఎవరూ వంగి కూడా తియ్యరు. ఇక్కడ ఆ చాకు అమ్మితే నెలరోజుల నీళ్ళు వస్తాయి, ఉంచుకుంటే ఎముక కత్తిలా విరిగిపోకుండా ప్రాణం కాపాడుతుంది. అమ్మాలా వద్దా అని నలుగురూ ముప్పావుగంట వాదించుకున్నారు, ఆ రాత్రి పాచిక ఒక్కసారి కూడా దొర్లలేదు. నేను నడిపిన ఆటల్లో అంత మంచి ఆట మళ్ళీ కుదరలేదు. ఆ లోకంలో ఏం కరువైందో ఒక్క ముక్కలో తెలిసిపోతుంది, మిగతాదంతా అందులోంచే వస్తుంది. దేవుళ్ళ పేర్లు బట్టీ పట్టాల్సిన పనే లేదు.

అయినా పుస్తకం కొనేలోపు సెలవులైపోతాయేమో, మన వైజాగే తీసుకోండి. ఓడ ఛానెల్లోకి తిరుగుతుంటే ఒక పక్క డాల్ఫిన్స్ నోస్ కొండ, రెండో పక్క మూడు కొండలు కనిపిస్తాయి: ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, రాస్ హిల్ మీద చర్చి. ఇలాంటి రేవు ఏ సెట్టింగ్ పుస్తకంలో చూసినా నేను రెండుసార్లు చదువుతాను. ఇటు భీమిలి వైపు వెళ్తే తొట్లకొండ. మీ స్కూలువాళ్ళు బౌద్ధ స్తూపాలని చూపించి తీసుకొచ్చేసి ఉంటారు గానీ, ఆ పేరు వచ్చింది రాతిలో తొలిచిన నీళ్ళ తొట్ల వల్ల. ఇప్పుడు అథాస్‌లో లాగా ఊళ్ళో చుక్క నీరు లేదనుకోండి, సముద్రం పక్కనే ఉన్నా గొంతు తడవదనుకోండి, ఆ కొండ మీద తొట్లు మాత్రం నిండి ఉన్నాయనుకోండి. వాటికి ఎవరు కాపలా కాస్తారు? బిందెకు ఎంత తీసుకుంటారు? రాత్రిపూట దొంగతనంగా ఎక్కాలంటే దారెటు? ఈ మూడూ ఆలోచించి పెట్టుకుంటే పెద్దదానికి మొదటి రోజుకు సరిపడా సరుకున్నట్టే.

ఆదివారం సాయంత్రం వస్తున్నాను, పునుగులు తెస్తాను, పెట్టెలోని ట్రాన్స్‌పరెంట్ షీటు కూడా తెస్తాను. ఒక మూల పసుపుపచ్చగా అయింది గానీ గళ్ళు బాగానే కనిపిస్తున్నాయి. వైజాగ్ మ్యాపు ఒకటి సంపాదించి నేల మీద పరిచి ఉంచండి. తొట్లకొండ చుట్టూ ఉన్న గళ్ళలో ఏముందో మాత్రం నాకు ముందే చెప్పకండి, నేనూ ఒక క్యారెక్టర్ తయారుచేసుకుంటున్నాను.

మీ పెదనాన్న