పోలీసుల పేరిట ముప్పావు సెంటు: కాలిఫోర్నియా అమ్మకపు పన్ను ఓటుపై అపోహలు – వాస్తవాలు

కాలిఫోర్నియాలో మనవాళ్ల కిరాణా కొట్లకూ టిఫిన్ హోటళ్లకూ అమ్మకపు పన్ను రిటర్నులు దాఖలు చేయడం నా వృత్తి. ఏదైనా నగరం ప్రజల భద్రత కోసమంటూ అమ్మకపు పన్ను పెంపును ఎన్నికల్లో ఓటుకు పెట్టిన ప్రతిసారీ నాకు దాదాపు ఇవే ప్రశ్నలు వస్తాయి. మన ఊళ్లలో పోలీసు శాఖ రాష్ట్ర ప్రభుత్వానిది, జీతాలు రాష్ట్ర ఖజానా నుంచి వస్తాయి, జీఎస్టీ రేటు ఎంత ఉండాలో మనల్ని ఎవరూ ఓటు అడగరు. ఇక్కడ చాలా నగరాలు తమ పోలీసులనూ అగ్నిమాపక సిబ్బందినీ తామే పోషించుకుంటాయి, అందుకు స్థానికంగా పన్ను వేయాలంటే ఓటర్ల అనుమతి తప్పనిసరి. అపోహల్లో సగం ఈ తేడా దగ్గరే మొదలవుతాయి.

అపోహ: బ్యాలెట్ మీద "పోలీసు, ఫైర్, 911" (911 అంటే అత్యవసర ఫోన్ నంబరు) అని రాసి ఉంటే ఆ డబ్బు వాటికే ఖర్చవుతుంది.

వాస్తవం: అది పన్ను ఏ రకానిదన్న దానిపై ఆధారపడి ఉంటుంది. నగర ఖజానాలో కలిసిపోయి కౌన్సిల్ దేనికైనా వాడుకోగలిగేది సాధారణ పన్ను. దీనికి పోలైన ఓట్లలో సగానికి మించి వస్తే చాలు. ఫలానా పనికే వాడాలని చట్టబద్ధంగా కట్టిపడేసేది ప్రత్యేక పన్ను. దీనికి మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. రాష్ట్రమంతటా ఓటర్లు ఆమోదించిన రెండు ప్రతిపాదనలు, 1978 నాటి ప్రపోజిషన్ 13, 1996 నాటి ప్రపోజిషన్ 218 కలిసి ఈ గీత గీశాయి. పౌరులే సంతకాలు సేకరించి తెచ్చిన ప్రత్యేక పన్నుకు సగానికి మించితే చాలని 2017 తర్వాత అప్పీలు కోర్టులు తీర్పులిచ్చాయి గానీ, కౌన్సిల్ తానుగా పెట్టే ప్రతిపాదనకు పాత లెక్కే వర్తిస్తుంది.

ఈ రెండు రకాలూ పక్కపక్కనే కనిపించే ఊరు స్టాక్టన్. అక్కడ 2004లో ఓటర్లు ఆమోదించిన మెజర్ డబ్ల్యూ (నగరం ఓటుకు పెట్టే ప్రతిపాదనను మెజర్ అంటారు) డాలరుకు పావు సెంటు పన్ను, అంటే 0.25 శాతం, అది పోలీసు, ఫైర్ సేవలకే ముడిపడిన ప్రత్యేక పన్ను. ఆ నగరం 2012 జూన్‌లో దివాలా పిటిషన్ వేసింది. మరుసటి ఏడాది నవంబరులో ముప్పావు సెంటు (0.75 శాతం) పన్నుతో మెజర్ ఏ ఓటుకు వచ్చింది. ప్రచారమంతా అదనంగా 120 మంది పోలీసులను నియమించడం చుట్టూ తిరిగినా, చట్టరీత్యా అది సాధారణ పన్ను. అందుకే దానికి తోడుగా మెజర్ బి అనే సలహా ప్రశ్న పెట్టి, వసూలులో 65 శాతం శాంతిభద్రతలకు, 35 శాతం దివాలా నుంచి బయటపడి సేవలను పునరుద్ధరించడానికి ఖర్చు చేయాలా అని అడిగారు. సలహా అంటే సలహాయే. దాన్ని పాటించకపోతే రాజకీయంగా నష్టం రావచ్చు తప్ప చట్టం అడ్డుపడదు. మెజర్ ఏ సగానికి కొద్దిగా మించిన ఓట్లతో నెగ్గింది. ప్రత్యేక పన్నుగా పెట్టి ఉంటే ఓడిపోయేది.

సాధారణ పన్ను అనగానే మోసమనుకోవడం కూడా సరికాదు. దివాలా తీసిన నగరానికి అప్పులవాళ్లతో బేరమాడాలంటే చేతిలో కొంత వెసులుబాటు ఉండాలి. కాకపోతే, తాను దేనికి ఓటు వేస్తున్నాడో ఓటరుకు తెలిసి ఉండాలి. పన్ను రేటు, ఎన్నేళ్లు ఉంటుంది, ఏటా సుమారు ఎంత వస్తుంది అనే మూడు వివరాలూ బ్యాలెట్ వాక్యంలోనే చెప్పాలని రాష్ట్ర ఎన్నికల చట్టం నిర్దేశిస్తోంది. నేనైతే వాటితో పాటు నగర న్యాయవాది రాసిన నిష్పక్ష విశ్లేషణలో "సాధారణ", "ప్రత్యేక" అనే మాటల కోసం వెతుకుతాను.

అపోహ: బియ్యం, పప్పుల ధరలు పెరిగిపోతాయి.

వాస్తవం: వాటి మీద ఇక్కడ అమ్మకపు పన్నే లేదు. బియ్యం, కందిపప్పు, చింతపండు, పాలు, కూరగాయలు, డాక్టరు రాసిచ్చిన మందులు మినహాయింపులో ఉన్నాయి. ప్రెషర్ కుక్కర్, అగరుబత్తులు, సబ్బులు, సోడా మీద పన్ను పడుతుంది. హోటల్లో వేడివేడి ఇడ్లీ పొట్లం కట్టించుకున్నా పన్ను ఉంటుంది. కిరాణా కొట్లో మైసూరుపాక్ డబ్బా కొని ఇంటికి తీసుకెళ్తే ఉండదు. నిన్న చూసిన ఒక బిల్లు 150 డాలర్లు. అందులో 118 డాలర్లు బియ్యం, పప్పులు, 32 డాలర్లు కుక్కర్. ముప్పావు సెంటు పెరిగితే ఆ బిల్లుపై అదనపు భారం 24 సెంట్లు.

అపోహ: కారు పక్క ఊళ్లో కొంటే, మిగతావి ఆన్‌లైన్‌లో తెప్పిస్తే తప్పించుకోవచ్చు.

వాస్తవం: కారుకు రేటు నిర్ణయమయ్యేది అది రిజిస్టరయ్యే చిరునామాను బట్టి, షోరూం ఉన్న ఊరిని బట్టి కాదు. 40,000 డాలర్ల కారుపై ముప్పావు సెంటంటే 300 డాలర్లు. ఆన్‌లైన్ విషయంలో 2018 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత పెద్ద అమ్మకందార్లు వస్తువు చేరే చిరునామాను బట్టి స్థానిక పన్నును కూడా వసూలు చేయాల్సి వస్తోంది.

అపోహ: ఇప్పటికే కడుతున్న పన్నులో పోలీసుల వాటా ఉన్నప్పుడు మళ్లీ ఎందుకు?

వాస్తవం: వాటా ఉన్న మాట నిజమే. రాష్ట్రమంతటా ఉండే 7.25 శాతంలో అర సెంటు, 1993 నవంబరులో నెగ్గిన ప్రపోజిషన్ 172 ప్రకారం, స్థానిక భద్రతా సేవలకు వెళ్తుంది. కానీ ఆ సొమ్ములో అధిక భాగం కౌంటీలకు (మన జిల్లాల్లాంటివి) చేరుతుంది, నగరాలకు దక్కేది తక్కువ. పైగా అంతకుముందే రాష్ట్రం ఆస్తి పన్నులో కొంత భాగాన్ని స్థానిక ప్రభుత్వాల నుంచి పాఠశాలలకు మళ్లించింది. ఈ అర సెంటు ఆ లోటును కొంతవరకే పూడ్చింది. స్టాక్టన్ రేటు 9 శాతానికి చేరిన తీరు చూడండి: రాష్ట్రపు 7.25, కౌంటీ రవాణాకు 0.50, మెజర్ డబ్ల్యూకు 0.25, మెజర్ ఏకు 0.75, 2016లో గ్రంథాలయాలు, వినోద సేవల కోసం వేసిన మెజర్ ఎంకు 0.25.

అపోహ: ఓటు నెగ్గిన నెలకే వీధిలో కొత్త పోలీసులు కనిపిస్తారు.

వాస్తవం: నవంబరులో నెగ్గిన పన్ను మామూలుగా ఏప్రిల్ 1న అమల్లోకి వస్తుంది. పోలీసు ఉద్యోగానికి రాష్ట్ర కనీస శిక్షణ 664 గంటలు. ఆ తర్వాత సీనియర్ పక్కన కూర్చుని కనీసం 10 వారాల క్షేత్ర శిక్షణ ఉంటుంది. పైగా అమ్మకపు పన్ను జనం కొనుగోళ్లతో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. జీతాలూ పింఛన్లూ మాత్రం తగ్గవు.

అపోహ: పన్ను కట్టేది కొనుగోలుదారు కాబట్టి దుకాణదారుకు పోయేదేమీ లేదు.

వాస్తవం: కాలిఫోర్నియాలో అమ్మకపు పన్ను చట్టరీత్యా అమ్మకందారుడి మీదే పడుతుంది, కొనేవాడి దగ్గర రాబట్టుకోవడం ఆయన ఇష్టం. నా ఖాతాదారు ఒకాయన ఏప్రిల్ 1న క్యాష్ రిజిస్టర్‌లో రేటు మార్చడం మరిచిపోయారు. జూలైలో నేను రిటర్ను కోసం లెక్కలు తీసినప్పుడు గానీ అది బయటపడలేదు. మూడు నెలల పన్ను పడే అమ్మకాలు 60,000 డాలర్లు. రావలసిన ముప్పావు సెంటు తేడా 450 డాలర్లను ఆయన తన జేబులోంచే కట్టారు.