మూడు దెబ్బల బేస్: 'గుడ్ టైమ్స్' పాట ఎవరి సొత్తు

ఇళయరాజా గారు ఎవరికో నోటీస్ పంపారని వార్త వచ్చిన ప్రతిసారీ మనోళ్లు రెండు గుంపులైపోతారు, ఆయన పాట కాబట్టి ఆయన అడుగుతాడు అని ఒక గుంపు, జనంలోకి వచ్చాక అది అందరిదీ అని ఇంకో గుంపు. ఈ పంచాయతీ ఇవాళ్టిది కాదు. దీని మూలాలు వెతుక్కుంటూ వెళ్తే నాకు ఎప్పుడూ ఒకే చోట బండి ఆగుతుంది, 1979లో న్యూయార్క్‌లో రికార్డయిన ఒక డిస్కో పాట దగ్గర, అందులోనూ పాట మొత్తం కాదు, బేస్ గిటార్ (బరువైన కింది స్వరాలు పలికే గిటార్) ముక్క ఒక్కటి.

పాట పేరు 'గుడ్ టైమ్స్', బ్యాండ్ పేరు షీక్. గిటార్ నైల్ రాడ్జర్స్, బేస్ బెర్నార్డ్ ఎడ్వర్డ్స్, డ్రమ్స్ టోనీ థాంప్సన్. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి ఒకసారి, బేస్ ఒకే స్వరం మీద మూడు దెబ్బలు కొడుతుంది, ధమ్ ధమ్ ధమ్, చిన్న గ్యాప్, ఆ తర్వాత వేళ్లు మెట్లెక్కినట్టు గబగబా నడిచి మళ్లీ మొదటికొస్తుంది. పాటంతా తిప్పితిప్పి రెండే కార్డ్స్, అంటే కలిపి మోగించే స్వరాల గుత్తులు. ఆల్బమ్ వెర్షన్ ఎనిమిది నిమిషాల పైనే ఉంటుంది, మధ్యలో ఒక చోట పాడేవాళ్లు, వయొలిన్లు, గిటార్ అన్నీ తప్పుకుని బేస్, డ్రమ్స్ మాత్రమే మిగులుతాయి, తర్వాత ఒక్కొక్కటీ మళ్లీ వచ్చి చేరతాయి. ఇంత గొడవకీ కారణం ఆ ఖాళీనే.

ఒక తమాషా ఏంటంటే షీక్ వాళ్లు కూడా ఏదో శూన్యంలోంచి తీసింది కాదు. 'గుడ్ టైమ్స్'లో వినిపించే హ్యాపీ డేస్ మళ్లీ వచ్చాయి అనే మాట 1929 నాటి పాటది, అంటే స్టాక్ మార్కెట్ కుప్పకూలిన ఏడాది. 1979లో కూడా అమెరికాలో ధరలు మండిపోతున్నాయి, పెట్రోల్ బంకుల దగ్గర క్యూలు, అలాంటప్పుడు మంచి రోజులొచ్చాయని పాడటం ఎత్తిపొడుపే. చాలామంది అది వట్టి పార్టీ పాట అనుకుని డాన్సేసి వెళ్లిపోయారు.

ఆ పాట చార్టుల్లో ఎక్కుతున్న టైమ్‌లోనే, జులై 12న, షికాగో బేస్‌బాల్ స్టేడియంలో డిస్కో మీద కోపంతో డిస్కో రికార్డుల్ని మైదానం మధ్యలో పోసి పేల్చేశారు. ఒక రికార్డు తెస్తే టికెట్ 98 సెంట్లే. జనం గ్రౌండ్‌లోకి దూకి, ఆ రోజు ఆడాల్సిన రెండో మ్యాచ్ ఆడకుండానే పోయింది. ఆ రోజు అక్కడ ప్రేక్షకులకి సీట్లు చూపించే పని చేసిన విన్స్ లారెన్స్ అనే కుర్రాడు, తర్వాత హౌస్ అనే డాన్స్ మ్యూజిక్‌లో పేరు తెచ్చుకున్నాడు, తెచ్చిన వాటిలో డిస్కోతో సంబంధం లేని బ్లాక్ ఆర్టిస్టుల రికార్డులు కూడా ఉన్నాయని చెప్పాడు. ఆగస్టులో 'గుడ్ టైమ్స్' నంబర్ వన్ అయింది, వారానికే 'మై షరోనా' అనే రాక్ పాట దాన్ని దింపేసింది. ఆ తర్వాత షీక్ పాట అమెరికా టాప్ 40లోకి మళ్లీ రాలేదు.

బ్యాండ్ పనైపోయింది గానీ బేస్ లైన్ పని అప్పుడే మొదలైంది. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో 1973 నుంచీ డీజేలు, కూల్ హెర్క్‌తో మొదలుపెట్టి, ఒకే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుల్స్ (రికార్డు ప్లేయర్లు) మీద పెట్టి, డ్రమ్స్ మిగిలే ముక్కని అటూ ఇటూ మారుస్తూ సాగదీసేవాళ్లు. షీక్ పాటలో ఆ ఖాళీ వాళ్ల కోసమే వండి వడ్డించినట్టుంది.

న్యూజెర్సీలో సిల్వియా రాబిన్సన్ అనే ఆవిడకి షుగర్ హిల్ రికార్డ్స్ అనే కంపెనీ ఉంది, ఆవిడ ముగ్గురు కుర్రాళ్లని పోగేసి షుగర్‌హిల్ గ్యాంగ్ అని పేరు పెట్టి 'గుడ్ టైమ్స్' బేస్ మీదే 'రాపర్స్ డిలైట్' అనే రాప్ పాట చేయించింది. ఇప్పుడు మనం దాన్ని శాంపిల్, అంటే పాత రికార్డులోంచి కోసి అతికించిన ముక్క, అనేస్తాం గానీ ఆ బేస్ శాంపిల్ కాదు, స్టూడియోలో మనుషులే కూర్చుని అదే లైన్ పావుగంట సేపు తప్పు పోకుండా మళ్లీ మళ్లీ వాయించారు. ఆ బేస్ తానే వాయించానని చెప్పే చిప్ షీరిన్ అప్పటికి టీనేజ్ కుర్రాడు, తనకి 70 డాలర్లు ముట్టాయని తర్వాత చెప్పాడు. పాట ప్రపంచమంతా తిరిగింది, రాప్ అనేది ఒకటుందని చాలా దేశాలకి తెలిసింది దీంతోనే. రాడ్జర్స్ ఒక క్లబ్‌లో విని అవాక్కయ్యాడు, కోర్టుకెళ్తామన్నారు, చివరికి రాడ్జర్స్, ఎడ్వర్డ్స్ పేర్లు రచయితలుగా ఎక్కాయి.

1980లో క్వీన్ బ్యాండ్ 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్' వచ్చింది. మళ్లీ అదే మూడు దెబ్బలు. బేసిస్ట్ జాన్ డీకన్ మా స్టూడియోలో మాతో గడిపి వెళ్లాడు, దానికేం బాధ లేదు, మేమే వాళ్లని కాపీ కొట్టామని పేపర్లు రాయడమే బాధ అన్నాడు ఎడ్వర్డ్స్. కేసు లేదు, క్రెడిట్ లేదు. నా లెక్కలో అది న్యాయమే, ఎందుకంటే డీకన్ ఆ నడకని పట్టుకుని వేరే బండి కట్టాడు, షుగర్‌హిల్ వాళ్లు బండినే తోలుకెళ్లారు. మరుసటేడు గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అనే డీజే షీక్‌నీ క్వీన్‌నీ ఒకే రికార్డు మీద పక్కపక్కనే తిప్పి, ఎవరు విన్నా తేడా తెలిసేలా చూపించాడు.

అసలు చట్టం కళ్లు తెరిచింది 1991లో, బిజ్ మార్కీ అనే రాపర్ పర్మిషన్ లేకుండా శాంపిల్ వాడితే న్యూయార్క్ జడ్జి దొంగతనం చేయరాదన్న బైబిల్ ఆజ్ఞతో తీర్పు మొదలుపెట్టాడు. అక్కడి నుంచి ప్రతి ముక్కకీ ముందు సంతకం, తర్వాత పాట. ఆ దారిలోనే మన 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' బప్పీ లహరి 2003లో లాస్ ఏంజెలిస్ కోర్టులో, తన హిందీ పాట ముక్క వాడిన ఆల్బమ్ మీద తన పేరు వేసేదాకా అమ్మకాలు ఆపించుకోగలిగాడు. ఆయన ట్యూన్లు ఎక్కడెక్కడి నుంచి వచ్చాయన్నది వేరే పెద్ద కథ, నవ్వుకోండి.

ఇంతకీ షీక్ వాళ్లకి పేరూ డబ్బూ వచ్చింది లాయర్లుండబట్టి. 'రాపర్స్ డిలైట్'లో ఆ ముగ్గురు కుర్రాళ్లలో ఒకడైన బిగ్ బ్యాంక్ హ్యాంక్ పాడిన రైమ్స్ చాలా వరకు అతనివి కావు, గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే బ్రాంక్స్ రాపర్ నోట్‌బుక్‌లోవి. హ్యాంక్ అప్పటికి పిజ్జా షాపులో పనిచేస్తున్నాడు, నోట్‌బుక్ అడిగి తీసుకెళ్లి ఉన్నదున్నట్టు చదివేశాడు, ఎంత ఉన్నదున్నట్టు అంటే, కాజ్ పాత స్టేజ్ పేరు కాసనోవా ఫ్లై కదా, దాన్ని కూడా మార్చకుండా సీ, ఏ, ఎస్, ఏ అంటూ అక్షరం అక్షరం తన పేరులాగే పలికేశాడు. రికార్డు మీద రచయితల లిస్టులో మాత్రం కాజ్ లేడు.