కండరానికి రెండో కబురు

"ఇన్సులిన్ మాట కండరాలు వినకపోవడం వల్లే టైప్-2 మధుమేహం వస్తుందంటారు కదా, మరి నడిస్తే అది ఎలా ఆగుతుంది?" అని ఒక పాఠకురాలు అడిగారు. నడిస్తే బరువు తగ్గుతారు, బరువు తగ్గితే ముప్పు తగ్గుతుంది అని రెండు ముక్కల్లో చెప్పేయవచ్చు. అది తప్పు కాదు. కాని అసలు అందమంతా కండర కణం లోపల ఉంది.

రక్తంలోని గ్లూకోజ్ ఆ కణంలోకి తనంతట తాను దూరలేదు. కణం చుట్టూ ఉన్నది కొవ్వు పొర. గ్లూకోజేమో నీళ్లలో కరిగే పదార్థం. దాన్ని దాటించేది గ్లూట్-4 అనే ప్రొటీన్. దీన్ని ఏరు దాటించే పడవ అనుకోండి. విచిత్రమేమిటంటే, మామూలు వేళల్లో ఈ పడవలు చాలామటుకు ఒడ్డున ఉండవు. కణం లోపల చిన్న చిన్న తిత్తుల్లో ఉంటాయి. భోజనం కాగానే ఇన్సులిన్ వచ్చి కణం మీది గ్రాహకానికి తగులుకుంటుంది. దాంతో కణంలోని పీఐ-3 కైనేజ్, దాని వెనక ఏకేటీ అనే ఎంజైములు మేలుకుంటాయి. ఏకేటీ వెళ్లి టీబీసీ1డీ4 అనే ప్రొటీన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. పడవల్ని కట్టేసిన తాడు ఈ టీబీసీ1డీ4యే! ఫాస్ఫేట్ తగలగానే తాడు వదులై పడవలు ఒడ్డుకి చేరతాయి.

టైప్-2లో పడవలు విరిగిపోవు, వాటి సంఖ్య కూడా పెద్దగా తగ్గదు. ఇన్సులిన్ పంపిన కబురే తాడు దాకా సరిగ్గా చేరదు.

ఇప్పుడు లేచి నడవండి. కదిలే కండరంలో కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఖర్చై, అది ఖర్చయ్యాక మిగిలే ఏఎంపీ పెరుగుతుంది, దాంతో ఏఎంపీకే అనే ఎంజైము మేలుకుంటుంది. అది ఫాస్ఫేట్ తగిలించేదీ ఆ టీబీసీ1డీ4కే! కాల్షియం, కండరం సాగడం కూడా తలో చెయ్యీ వేస్తాయి. మధుమేహం ఉన్నవాళ్లలోనూ ఈ దారి పనిచేస్తూనే ఉంటుంది. బడిలో ఇన్సులిన్ గురించి చెప్పి ఊరుకుంటాం. ఈ రెండో దారీ పిల్లలకి చెప్పి తీరాలి. చెమటలు కారితేనే వ్యాయామం అనే నమ్మకం కూడా వదిలించుకోవాలి. చురుకైన నడక చాలు.

అమెరికాలో మధుమేహం అంచున ఉన్న 3,234 మందితో జరిగిన నివారణ పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. వారానికి 150 నిమిషాల శ్రమ, 7 శాతం బరువు తగ్గడం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో పోలిస్తే, కొత్తగా జబ్బు రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే మధుమేహం మందు వేసుకున్నవాళ్లలో తగ్గింది 31 శాతమే. తర్వాత లెక్కలు విప్పి చూస్తే సింహభాగం బరువుదే: తగ్గిన ప్రతి కిలోకీ ముప్పు 16 శాతం తగ్గింది. నన్ను కట్టిపడేసిన అంకె మాత్రం వేరు. మొదటి ఏడాదిలో బరువు లక్ష్యం అందుకోలేకపోయినా, శ్రమ లక్ష్యం అందుకున్నవాళ్లలో మధుమేహం 44 శాతం తక్కువగా వచ్చింది!

నడక వల్ల కండరం ఇన్సులిన్ మాట బాగా వినే గుణం ఒకటి రెండు రోజులే నిలుస్తుంది. అందుకే వరసగా రెండు రోజులకి మించి మానొద్దంటారు. ఇన్సులిన్ సూది వేసుకునేవాళ్లు మాత్రం శ్రమకి ముందు డాక్టరుని అడిగి మోతాదు చూసుకోవాలి. రెండు కబుర్లూ ఒకేసారి అందితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.