లెక్కలు సరే, ఆటగాడు నేర్చుకుంటున్నాడా?

ఐపీఎల్ చూసేవాళ్లకు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న అనలిస్ట్ కొత్తేమీ కాదు. ప్రాక్టీసులో వేసుకునే జీపీఎస్ వెస్ట్ ఎవరు ఎంత దూరం, ఎంత వేగంగా పరుగెత్తారో చెప్పేస్తుంది. సమాచారానికి కొదవ లేదు. దానివల్ల ఆటగాడు బాగా నేర్చుకుంటున్నాడా అన్నదే పేచీ. ఈ పేచీ ల్యాప్‌టాప్‌ల కంటే చాలా పాతది.

1950 మార్చి 18న ఇంగ్లండ్‌లో స్విండన్ టౌన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడుతోంది. దాడులన్నీ వృథా అవుతుంటే విసుగెత్తిన చార్లెస్ రీప్ అనే ప్రేక్షకుడు విరామంలో పెన్సిల్, నోట్‌బుక్ బయటికి తీశాడు. ఆయన వైమానిక దళంలో అకౌంటెంట్. ఆ తర్వాత ఏళ్ల తరబడి వందల మ్యాచ్‌లను గుర్తులతో రాసుకుంటూ పోయాడు. 1968లో బెర్నార్డ్ బెంజమిన్‌తో కలిసి ప్రచురించిన వ్యాసంలో, చాలా గోల్స్ మూడు లేక అంతకంటే తక్కువ పాస్‌లతోనే వస్తున్నాయని చూపించాడు. ఇంకేం, బంతిని పొడవుగా ముందుకు తన్నమనే కోచ్‌లకు శాస్త్రం దొరికినట్టయింది.

రీప్ లెక్క తప్పు కాదు, దాన్ని చదివిన తీరే తప్పు. ఫుట్‌బాల్‌లో పదింట తొమ్మిది ఎత్తుగడలు ఎలాగూ మూడు పాస్‌ల లోపే ముగిసిపోతాయి. గోల్స్ కూడా ఎక్కువగా వాటిలోంచే వస్తే వింతేముంది? 2005లో మైక్ హ్యూజ్, ఇయాన్ ఫ్రాంక్స్ అనే పరిశోధకులు ఒక్కో రకం ఎత్తుగడ ఎన్నిసార్లు జరిగిందో కూడా లెక్కలోకి తీసుకున్నారు. గెలిచే జట్లకు ఎక్కువ పాస్‌లే లాభసాటి అని తేలింది. అప్పటికే ఎంతమంది పిల్లలు పొడవాటి కిక్కులే ఆట అనుకుని పెరిగారో!

పోనీ, కంటిచూపునే నమ్ముకుందామా? అదీ కుదరదు. 1986లో ఇదే ఫ్రాంక్స్, మిల్లర్ అనే మరో పరిశోధకుడితో కలిసి కొత్త కోచ్‌లకు మ్యాచ్ చూపించి ప్రశ్నలు అడిగితే, కీలక ఘటనల్లో సగం కూడా వాళ్లు సరిగ్గా చెప్పలేకపోయారు. వీడియో అనాలిసిస్ ఎందుకు కావాలంటే నేను ముందుగా చెప్పే కారణం ఇదే.

క్రికెట్‌లో దక్షిణాఫ్రికా కోచ్ బాబ్ వూల్మర్ ఇంకో అడుగు ముందుకేశాడు. 1999 ప్రపంచకప్‌లో హోవ్‌లో భారత్‌తో మ్యాచ్‌కు ఆ జట్టు కెప్టెన్ హాన్సీ క్రోనే, వూల్మర్ సూచనలు మైదానంలోనే వినేందుకు చెవిలో ఇయర్‌ఫోన్‌తో దిగాడు. దాన్ని అడ్డుకునే నిబంధన ఏదీ లేదు. అయినా డ్రింక్స్ విరామంలో రిఫరీ తలత్ అలీ తీయించేశాడు. 2020 డిసెంబరులో కేప్‌టౌన్‌లో ఇంగ్లండ్ అనలిస్ట్ నేథన్ లీమన్ బాల్కనీలోంచి అక్షరాలు, అంకెలతో కెప్టెన్ మోర్గాన్‌కు సంకేతాలిచ్చాడు. ఈసారి రిఫరీ అభ్యంతరం చెప్పలేదు. రెండు సార్లూ గొడవ నిబంధనల చుట్టూనే తిరిగింది. ఆటగాడు సొంతంగా ఆలోచించడం మానేస్తాడేమో అన్న సంగతి పక్కకు పోయింది.

ఆ సంగతిని ప్రయోగశాలల్లో ఎప్పుడో పరీక్షించారు. 1990లో విన్‌స్టీన్, ష్మిట్ అనే పరిశోధకులు ఒక చేతి కదలికను నేర్పుతూ, కొందరికి ప్రతి ప్రయత్నం తర్వాత, మరికొందరికి సగం ప్రయత్నాల తర్వాతే ఫలితం చెప్పారు. మర్నాడు ఏ సాయమూ లేకుండా చేయమంటే, తక్కువ విన్నవాళ్లే బాగా చేశారు. ప్రతిసారీ చెబుతుంటే మనిషి దానిమీదే ఆధారపడతాడన్నమాట. చేతి కదలిక వేరు, 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి వేరు, నిజమే. అయినా క్లిప్ చూపించే ముందు ‘ఏం జరిగిందనుకుంటున్నావు?’ అని ఆటగాణ్ణే అడిగే కోచ్‌ల పద్ధతికి ఆధారం ఇలాంటి ప్రయోగాల్లోనే ఉంది. రెండు మూడు రోజులకో మ్యాచ్ ఉండే సీజన్‌లో అంత ఓపిక కష్టం, క్లిప్‌ను ఫోన్‌కు పంపేయడమే తేలిక.