రెటీనా ఫొటో చూసి జబ్బు చెప్పే ఏఐ: అపోహలు - వాస్తవాలు

నేను రెటీనా డాక్టర్ని. షుగర్ ఉన్నవాళ్ల కళ్లు చూడడమే నా పని. కొన్నేళ్లుగా మా క్యాంపుల్లో ఫండస్ కెమెరా పక్కన ఏఐ సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్ కూడా పెడుతున్నాం. కంటి వెనక పొరను ఫొటో తీసి ఇస్తే, షుగర్ వల్ల అది దెబ్బతింటోందా లేదా అన్నది నిమిషాల్లో చెబుతుంది. దీని గురించి పేషెంట్లు, తోటి డాక్టర్లు నాతో అనే మాటలు కొన్ని చూద్దాం.

అపోహ: కంప్యూటర్ తనంతట తానే జబ్బులు నేర్చేసుకుంటుంది.

2016లో గూగుల్ పరిశోధకులు జామా అనే అమెరికా వైద్య పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో కంప్యూటర్‌కి నేర్పడానికి వాడిన రెటీనా ఫొటోలు 1,28,175. అమెరికావే కాదు, మన అరవింద్, శంకర నేత్రాలయ, నారాయణ నేత్రాలయ ఆసుపత్రుల ఫొటోలూ ఉన్నాయి. వాటిని చూసి జబ్బు ఉందా, ఉంటే ఎంతవరకు వచ్చిందో చెప్పే గ్రేడ్ ఇచ్చింది 54 మంది కంటి డాక్టర్లు, సీనియర్ రెసిడెంట్లు. ఒక్కో ఫొటోకి మూడు నుంచి ఏడు సార్లు గ్రేడింగ్ జరిగింది. ఎందుకంత శ్రమంటే, ఒకే ఫొటో మీద ఇద్దరు డాక్టర్లు చాలాసార్లు చెరో మాట చెబుతారు. సూదిమొనంత చుక్క కనిపిస్తుంది. అది రక్తనాళం గోడ ఉబ్బడమా, లెన్స్ మీద దుమ్మా? అనుమానం వస్తే నేను అదే కెమెరాతో అంతకుముందు తీసిన ఇంకో పేషెంట్ ఫొటో తెరుస్తాను. అక్కడా అదే చోట అదే చుక్క ఉంటే దుమ్మే. గ్రేడ్ ఇచ్చినవాళ్లు దుమ్మును జబ్బని రాస్తే, కంప్యూటర్ కూడా అదే నేర్చుకుంటుంది.

అపోహ: 90 శాతం అని రాశారంటే నూటికి 90 మందికి కరెక్టుగా చెబుతుంది.

ఇక్కడ చూడాల్సిన అంకెలు రెండు. జబ్బున్నవాళ్లలో ఎందరిని పట్టుకుంది, లేనివాళ్లలో ఎందరిని సరిగ్గా వదిలేసింది. 2018లో డాక్టర్ చూడకుండానే ఫలితం ఇచ్చేందుకు అమెరికాలో వైద్య పరికరాలకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ నుంచి అనుమతి పొందిన ఐడీఎక్స్-డీఆర్ అనే ఏఐ సాఫ్ట్‌వేర్‌కి పరీక్షల్లో వచ్చినవి వరుసగా 87.2, 90.7 శాతం.

రెండూ 90 అనుకుని లెక్క వేద్దాం. వెయ్యి మందిలో 100 మందికి జబ్బుంటే 90 మంది దొరుకుతారు, పది మంది తప్పిపోతారు. జబ్బులేని 900 మందిలో ఇంకో 90 మందికీ ‘ఉంది’ అని వస్తుంది. అదే మెషీన్‌ని, వెయ్యికి 20 మందికే జబ్బున్న చోట పెడితే ‘ఉంది’ అన్న 116 మందిలో నిజంగా ఉన్నది 18 మందికే. మెషీన్ మారలేదు, దాని ముందు కూర్చున్న జనం మారారు. అందుకే ‘ఉంది’ అని వచ్చిన ఎవరినీ నేను నేరుగా లేజర్ చికిత్సకి పంపను. చుక్కల మందు వేసి, రెటీనా నా కళ్లతో చూశాకే నిర్ణయం.

అపోహ: ఒకచోట బాగా పనిచేస్తే అన్నిచోట్లా అంతే.

థాయ్‌లాండ్‌లో 11 క్లినిక్‌లలో గూగుల్ మెషీన్ వాడినప్పుడు, మొదటి ఆరు నెలల్లో 1,838 ఫొటోల్లో 21 శాతం గ్రేడింగ్‌కి పనికిరావని అది తోసిపుచ్చింది. గదిలో వెలుతురు ఎక్కువైనా ఫొటో చెడుతుంది.

మా క్యాంపు ఒకటి బడిలో జరిగింది. కిటికీలకి దుప్పట్లు కట్టాం. ఒక పెద్దావిడ కూర్చుంది. "అమ్మా, గడ్డం ఇక్కడ ఆనించి ఆ పచ్చచుక్కనే చూడండి" అని మా టెక్నీషియన్ మూడుసార్లు తీసింది. మూడూ తెల్లటి మసకే. లైటు ఆపి ఐదు నిమిషాలు ఆగి మళ్లీ తీస్తే ఎడమ కన్ను చక్కగా వచ్చింది, కుడి కన్ను రాలేదు. టార్చి వేసి చూస్తే ముదిరిన శుక్లం. ‘ఫొటో పనికిరాదు’ అని వచ్చిందని ఆవిడని ఇంటికి పంపేసి ఉంటే ఆ కన్ను అలాగే ఉండిపోయేది. ఫొటో రానివాళ్లని కూడా ఆసుపత్రికి పంపాల్సిందే. ఈ విషయంలో నేను గట్టిగా ఉంటాను.

అపోహ: మెషీన్ నార్మల్ అంటే కళ్లకి ఏమీ లేదు.

నాకు ఎక్కువ భయం దీంతోనే. షుగర్ మార్పులు మాత్రమే నేర్పిన సాఫ్ట్‌వేర్ నీటికాసుల (గ్లకోమా) గురించి ఏమీ చెప్పదు. దాన్ని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మా స్లిప్ మీద ‘నార్మల్’ అన్న మాట తీయించేశాను. ‘ఈ ఫొటోలో షుగర్ మార్పులు కనిపించలేదు, ఏడాదిలో మళ్లీ రండి’ అని వేయిస్తున్నాం.

అపోహ: చూపు బాగానే ఉంది, ఈ ఫొటోలెందుకు?

రెటీనా దెబ్బతినడం మొదలైనప్పుడు నొప్పి ఉండదు, చూపూ తగ్గదు. మసకబారే వరకు ఆగితే పోయిన చూపంతా తిరిగి రాకపోవచ్చు. టైప్ 2 షుగర్ అని తెలిసిన రోజే కళ్లు చూపించుకోవాలి.

అపోహ: ఏఐ వచ్చాక డాక్టర్ల పని తగ్గిపోతుంది.

మా దగ్గర పెరిగింది. ఇంతకుముందు కనబడకుండా ఉండిపోయినవాళ్లు ఇప్పుడు బయటపడుతున్నారు. ‘ఉంది’ అని స్లిప్ ఇచ్చినవాళ్లందరూ మాత్రం ఆసుపత్రి దాకా రావడం లేదు. ఫోన్ చేస్తే "కోతలు అయ్యాక వస్తాను డాక్టరుగారూ" అంటారు. ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చే మనిషి కూలీ పోతుంది. అందుకే స్లిప్ వెనక ఓపీ ఉండే రోజులు, ఏ బస్సు ఎక్కాలో రాసి, ‘కంట్లో చుక్కల మందు వేస్తారు, కొన్ని గంటలు మసకగా ఉంటుంది, తోడు ఒకరితో రండి’ అని కింద రాస్తున్నాం. ఒక కాపీ ఆ ఊరి ఆశా కార్యకర్తకి ఇస్తున్నాం.